కోర్టుకు వెళ్లనని సంతకం పెట్టేశారా? సెటిల్‌మెంట్ కాగితాలపై అపోహలు - వాస్తవాలు

ఉద్యోగం పోయి గుంటూరులో మా ఆఫీసుకు వచ్చేవాళ్ల దగ్గర దాదాపు ఒకే రకం కాగితం ఉంటుంది. ‘నాకు రావాల్సినవన్నీ ముట్టాయి. కంపెనీపై ఏ క్లెయిమూ లేదు, ఏ కోర్టుకూ వెళ్లను.’ కింద రెవెన్యూ స్టాంపు మీద సంతకం. కొన్నిటి మీద తేదీ కూడా ఉండదు.

అపోహ: అలా రాసిచ్చాక కేసు వేయలేం.

వాస్తవం: వేయొచ్చు. హక్కు కోసం కోర్టుకు వెళ్లకుండా పూర్తిగా అడ్డుకునే షరతు 1872 నాటి కాంట్రాక్టు చట్టం 28వ సెక్షన్ ప్రకారం చెల్లదు. చట్టప్రకారం రావాల్సిన జీతం, బోనస్ వదులుకుంటున్నానని రాసిచ్చినా వేతన కోడ్ (జీతాలపై ఉన్న కేంద్ర చట్టం) ఒప్పుకోదు. అలాగని ఆ సంతకాన్ని తేలిగ్గా తీసుకోకండి. అన్నీ చదివి, బేరమాడి, చట్టం ఇచ్చేదానికంటే ఎక్కువే పుచ్చుకుని, తర్వాత ‘బలవంతం చేశారు’ అంటే ఏ జడ్జీ నమ్మరు.

అపోహ: రాజీనామా లెటర్ ఉత్త ఫార్మాలిటీ.

వాస్తవం: నన్నడిగితే అసలు దెబ్బ ఇక్కడే పడుతుంది. ‘రిజైన్ చేస్తే ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఇస్తాం, మేం తీసేస్తే మీకే మచ్చ’ అని హెచ్ఆర్ వాళ్లు మెత్తగా చెబుతారు. ఏడాది సర్వీసున్న వర్కర్‌ని పని లేదని తీసేస్తే నెల నోటీసో, నెల జీతమో ఇవ్వాలి. దానిపైన సర్వీసులో ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు వేతనం కట్టాలి. మీ అంతట మీరే రాజీనామా చేసినట్టు కాగితం ఉంటే ఇవేవీ రావు. బలవంతంగా రాయించారని నిరూపించాల్సిన భారం కూడా మీదే. అందుకే సంతకం పెట్టక తప్పకపోతే ఆ సాయంత్రమే కంపెనీకి మెయిల్ పెట్టండి: ‘ఈరోజు మూడు గంటలకు ఫలానావారు నాచేత రాజీనామా రాయించారు, ఇది నా ఇష్టంతో ఇచ్చింది కాదు.’ నెలల తర్వాత తెచ్చే సాక్షుల కంటే ఆ నాలుగు లైన్లే గట్టిగా నిలబడతాయి.

చెక్కు తీసుకుంటే అన్నీ ఒప్పుకున్నట్టేనని ఇంకో భయం. రసీదు మీద ‘నా హక్కులకు భంగం లేకుండా, అభ్యంతరంతో తీసుకుంటున్నాను’ అని మీ చేత్తోనే రాసి ఫోటో తీసి పెట్టుకోండి. గ్రాట్యుటీ (చేసిన సర్వీసుకు ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే మొత్తం) లెక్క మాత్రం అక్కడే చూసుకోండి. బేసిక్, డీఏ కలిపి 26,000 ఉండి ఎనిమిదేళ్లు చేస్తే 26,000ని 26తో భాగించి, 15తోనూ 8తోనూ గుణించాలి. 1,20,000 రావాలి.

అపోహ: లేబర్ కోర్టుకు ఎవరైనా వెళ్లొచ్చు.

వాస్తవం: మేనేజర్లకు ఆ దారి లేదు, వాళ్లు సివిల్ కోర్టుకు వెళ్లాలి. విజయవాడ కాలేజీల లెక్చరర్లు మా దగ్గరికి చాలామందే వస్తారు. టీచర్లు ‘వర్క్‌మన్’ (లేబర్ కోర్టుకు వెళ్లగలిగే కార్మికుడు) కారని సుప్రీంకోర్టు 1988లోనే చెప్పింది. గ్రాట్యుటీ మాత్రం వాళ్లకూ ఉంది. గ్రాట్యుటీ చట్టానికి చేసిన 2009 సవరణ దాన్ని 1997 ఏప్రిల్ 3 నుంచే వర్తింపజేసింది. కాలేజీ వాళ్లు మీ ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టుకుని సంతకం అడుగుతుంటే, ముందు వాటిని తిరిగివ్వమని రాతపూర్వకంగా అడగండి. ఒత్తిడి చేశారనడానికి రేపు ఆ లెటరే రుజువు.

అపోహ: కేసు ఎప్పుడైనా వేసుకోవచ్చు.

వాస్తవం: తొలగింపు వివాదానికి ఇదివరకు మూడేళ్ల గడువు ఉండేది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ దాన్ని రెండేళ్లకు తగ్గించింది. ముందు లేబర్ ఆఫీసులో రాజీ ప్రయత్నం జరగాలి, అందులోనే నెలలు గడిచిపోతాయి. ఫైనల్ సెటిల్‌మెంట్‌కి కంపెనీకున్న గడువు మాత్రం ఇప్పుడు రెండు పనిదినాలే. మూడో రోజు కూడా డబ్బు పడకపోతే ఫోన్లతో సరిపెట్టకుండా మెయిల్ పెట్టండి.