మైసెన్ కార్ఖానాలో పుట్టిన ‘చైనా’

ఐరోపా రాజమందిరాల్లో, పింగాణీ కప్పుల మీద కనిపించే ‘చైనా’ బొమ్మలు అభిమానమా, వెక్కిరింతా? 2025లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం ఈ షినువాజ్రీ శైలిని, అంటే చైనాను ఊహించుకుంటూ ఐరోపా చేసుకున్న అలంకరణను, స్త్రీవాద దృష్టితో పరిశీలిస్తూ ప్రదర్శన పెట్టడంతో పాత తగువు మళ్లీ రాజుకుంది. పట్టు, తేయాకు, పింగాణీ ఓడలెక్కి ఐరోపా చేరిన కథ అందరికీ తెలిసిందే. తగువు మూలం మాత్రం జర్మనీలోని మైసెన్‌లో ఉంది.

మైసెన్ ఉన్న శాక్సనీ ప్రాంతపు పాలకుడు అగస్టస్‌కు పింగాణీ అంటే ప్రాణం. 1717లో 600 మంది సైనికులను పొరుగున ఉన్న ప్రష్యా రాజుకు అప్పగించి 151 చైనా పాత్రలు తెచ్చుకున్నాడు. అప్పటికే, బంగారం చేసిపెడతాడని ఆయన నిర్బంధించిన రసవాది బోట్‌గర్ పింగాణీ గుట్టు కనిపెట్టాడు. 1710లోనే మైసెన్ కార్ఖానా మొదలైంది.

అసలు మలుపు 1720. ఆ ఏడాది వియన్నా నుంచి హెరోల్ట్ అనే చిత్రకారుడు వచ్చాడు. చైనా ముఖం చూడనివాడు. ఆయన గీసిన కప్పు ఒకటి చూడండి: కోసు టోపీ పెట్టుకున్న పెద్దమనిషి, వెనక గొడుగు పట్టిన సేవకుడు, పొగలు కక్కే పాత్ర, తలపైన పిట్టంత పురుగు. అక్కడి నుంచి చైనా మనిషిని ఊహించి గీయడం కార్ఖానాలో రోజువారీ పనైపోయింది. తర్వాత అదే కార్ఖానా తల ఊపుతూ నాలుక ఆడించే బొజ్జ బొమ్మలనూ చేసింది. పోట్స్‌డామ్‌లో ప్రష్యా రాజు ఫ్రెడరిక్ కట్టించిన ‘చైనా ఇంటి’ చుట్టూ నిలువెత్తు బంగారుపూత విగ్రహాలు వెలిశాయి.

ఇదంతా ఆరాధనే అనేవారూ ఉన్నారు. ఐరోపా అడిగిన బొమ్మలను చైనాలో పింగాణీకి పేరుపడ్డ జింగ్‌డెజెన్ ఊరి కుమ్మరులే వేసిచ్చారన్నది వారి వాదన. అది నిజమే. అయితే ఆ బొమ్మ ఎలా ఉండాలో నిర్ణయించింది కొనేవాడే. చైనా పనివాళ్లు చెక్కిన లక్కపూత చెక్క మడత తెరల సంగతే చూడండి. మన కోరమాండల్ తీరం మీదుగా సాగిన వర్తకం వల్ల అవి ఐరోపాలో ఈ తీరం పేరుతోనే చలామణి అయ్యాయి, చెక్కినవారి పేర్లు మిగల్లేదు. పారిస్ వడ్రంగులు చైనా, జపాన్ లక్క పలకలను కోసి, తమ బీరువాల వంపులకు తగ్గట్టు అతికించారు. బొమ్మ మధ్యకు తెగినా పట్టించుకోలేదు.

న్యూయార్క్ ప్రదర్శనలో ఆసియా మూలాలున్న నేటి కళాకారిణుల పనులనూ పాత పింగాణీ సరసన ఉంచారు. నున్నగా, పెళుసుగా, అందుబాటులో లేనంత దూరాన ఉండే ఆసియా స్త్రీ అనే ఊహ ఈ కప్పులూ బొమ్మలతోనే ఇళ్లలోకి చేరిందన్నది ఆ ప్రదర్శన వాదన. మైసెన్ బొమ్మలు చూశాక దాన్ని కాదనడం కష్టం.