నాలుగు కాళ్ల కుండ

అమలాపురం దగ్గర్నుంచి ఒకావిడ అడిగారు: "మా జాక్ రస్సెల్ టెర్రియర్ కుక్క ఆరు కిలోలుంటుందండి. పందికొక్కు వాసన తగిలితే కొబ్బరి డొక్కల గుట్టలో దూరిపోతుంది, ఎంత పిలిచినా రాదు. వచ్చాక జానెడు నాలుక వేలాడేసి కూలబడిపోతుంది. దీని తోబుట్టువు అనంతపురంలో మా చెల్లి దగ్గర 40 డిగ్రీల ఎండలో కులాసాగా ఉంది. మాకు 34 దాటలేదు. ఎందుకంటారు?"

పిలిస్తే రాకపోవడం సంగతి ముందు తేల్చేస్తాను. టెర్రియర్ అన్న పేరు లాటిన్ 'టెర్రా' నుంచి వచ్చింది, అంటే నేల. తర్వాత ఇంగ్లండ్‌లోని డెవన్‌లో పాదిరీ అయిన జాన్ రస్సెల్, ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకునే రోజుల్లో, 1819లో, ఓ పాలవాడి దగ్గర ట్రంప్ అనే ఆడకుక్కని కొన్నాడు. ఈ జాతి కథ అక్కడ మొదలు. నక్క బొరియలో దూరిన కుక్కకి యజమాని కనబడడు. ముందుకెళ్లాలా, వెనక్కి రావాలా అన్నది అదే తేల్చుకోవాలి. అలా తేల్చుకున్నవాటినే ఏరి ఏరి పెంచారు. మీరు పొగరు అనుకుంటున్నది దాని ఉద్యోగం.

నాకు అసలు ఇష్టమైనది ఆ నాలుక.

కుక్కకి చెమట అరికాళ్లలో తప్ప దాదాపు పట్టదు. మట్టికుండ చెమర్చిన నీరు ఆవిరై లోపలి నీళ్లు చల్లబడతాయి కదా, కుక్కకి ఆ కుండ ముక్కులో ఉంది. ముక్కు లోపలి గ్రంథులు నీరు ఊరుస్తాయి, లోనికెళ్లే గాలి దాన్ని ఆవిరి చేస్తుంది. ఆ గాలి చాలాభాగం ముక్కులోంచి వెళ్లి నోటిలోంచి బయటికొస్తుందని 1970లో కొలిచి చూపించారు. గ్రాము నీరు ఆవిరైతే సుమారు 580 కేలరీల వేడి పోతుంది. ఆరు కిలోల కుక్క ఒంటిని ఒక డిగ్రీ చల్లబరచడానికి రెండు టీ స్పూన్ల నీరు ఆవిరైతే చాలు!

మరి నిమిషానికి మూడొందల సార్లు ఊపిరి ఆడిస్తే ఆ కండరాలే వేడెక్కవా? ఇక్కడే ఉయ్యాల. అట్లతద్ది ఉయ్యాలని దాని లయలో తోస్తే చిటికెనవేలు చాలు, లయ తప్పిస్తే చేతులు పడిపోతాయి. కుక్క ఛాతీ, ఊపిరితిత్తులు కలిసి రబ్బరులా సాగి ముడుచుకునే వ్యవస్థ, దానికీ ఒక సహజ లయ ఉంది: సెకనుకి అయిదు చిల్లర. కుక్క సరిగ్గా అదే వేగంతో రొప్పుతుందని 1962లో క్రాఫర్డ్ అనే శాస్త్రవేత్త చూపించాడు. ఆ లయ లేకపోతే రొప్పడం వల్ల పోయే వేడి కన్నా పుట్టే వేడే ఎక్కువ.

ఇప్పుడు కోనసీమ. కుక్క వదిలే గాలి 38 డిగ్రీల దగ్గర ఆవిరితో నిండి ఉంటుంది, ఘనమీటరుకి 46 గ్రాములు. అనంతపురంలో 40 డిగ్రీలు, 25 శాతం తేమ అనుకుందాం. పీల్చే గాలిలో ఉన్నది 13 గ్రాములే, ఇంకో 33 పట్టుకెళ్తుంది. మీ దగ్గర 34 డిగ్రీలు, 75 శాతం తేమ అయితే పీల్చే గాలిలోనే 28 ఉండనే ఉంది, పట్టుకెళ్లేది 18. అదే కుక్క, అదే రొప్పు, ఫలితం సగం. కుండ పాఠంలో ఈ రెండో సగాన్ని మనం తరచు మర్చిపోతాం. ఉక్కపోత రోజున కుండలో నీళ్లు అంతగా చల్లబడవని మీ అమ్మమ్మకి తెలుసు.

వడదెబ్బకి విరుగుడని జేబులో ఉల్లిపాయ పెట్టుకునే అలవాటు మనకుంది. జేబులో ఉంటే నష్టం లేదు. అదే నమ్మకంతో కుక్క అన్నంలో కలిపేవాళ్లున్నారు, అది మాత్రం వద్దు. ఉల్లి కుక్క రక్తంలోని ఎర్రకణాలను చితగ్గొడుతుంది.

మామూలు కుక్క అలిసిపోతే ఆగి నీడకి చేరుతుంది. మీది బొరియ బుద్ధిది, పందికొక్కు దొరికేదాకా ఆగదు. ఒంటి వేడి 39 డిగ్రీల దాకా మామూలే, 41 దాటితే ప్రాణం మీదికొస్తుంది. అందుకని షికారు తెల్లవారకముందే తిప్పేయండి. వేసవిలో డొక్కల గుట్టకి కంచె కట్టండి. రొప్పు ఆగకుండా తూలుతుంటే బోరు నీళ్లు ఒంటినిండా పోస్తూ ఫ్యాను పెట్టి, అప్పుడు పశువుల డాక్టరు దగ్గరికి పరుగెత్తండి. తడి గోనెసంచి కప్పి వదిలేయకండి, గాలి తగలని కుండ అవుతుంది. పందికొక్కు మూత్రంతో ఎలుక జ్వరం కూడా అంటుతుంది, కుక్కకి టీకా వేయించారా?