తాత నడిచాడా, పరుగెత్తాడా?

చిరంజీవులకు ఆశీస్సులు.

అక్టోబరు 2న బడిలో గాంధీగారి డాక్యుమెంటరీ వేశారని, దండికి నడిచే ముక్క రాగానే అందరూ కిసుక్కున నవ్వారని రాశారు. బుజ్జి మాత్రం నవ్వకుండా, "అరవై ఏళ్ల తాత అలా పరుగెడతాడా?" అని అడిగిందట. నవ్వినవాళ్ల తప్పు లేదు కానీ, అడిగిన పిల్లకు జవాబు చెప్పాలిగా.

రీలును పూలదండ అనుకోండి. ఒక్కో ఫోటో ఒక్కో పువ్వు. మూకీల కాలంలో చాలా కెమెరాలకు చేత్తో తిప్పే పిడి ఉండేది. ఒక చుట్టు తిప్పితే 8 పూలు. సెకనుకు రెండు చుట్లు, అంటే 16 పూలు గుచ్చాలి. చెయ్యి నొప్పెడితే 14కు దిగుతుంది, హడావిడి పడితే 18 దాటుతుంది. మాటల సినిమా వచ్చాక ఈ ఎగుడుదిగుళ్లు కుదరవు, గొంతు కీచుమంటుంది, లేదా బొంగురుపోతుంది. అందుకని వేగాన్ని సెకనుకు 24 దగ్గర కట్టేశారు. ఇప్పుడు 16 చొప్పున గుచ్చిన దండను 24 చొప్పున లాగేస్తే ఏమవుతుంది? నిమిషం దండ 40 సెకన్లకే అయిపోతుంది. తాత ఒకటిన్నర రెట్లు జోరుగా నడుస్తాడు, పాపం.

దీనికి విరుగుడుంది. కొత్త ప్రింటు తీసేటప్పుడు రెండో పువ్వునల్లా రెండేసి సార్లు గుచ్చుతారు: 1, 2, 2, 3, 4, 4... ఇలా 16 పూలు 24 అవుతాయి. నడక కుదుటపడుతుంది కానీ, మనిషి ఆగి ఆగి కదిలినట్టుంటాడు. మీరు చూసినదానికి ఈ మాత్రం శ్రమ కూడా ఎవరూ పడినట్టు లేదు.

పూలు దొరకడం మరో కష్టం. గాంధీగారి మీద సినిమా తీయాలన్న ఆలోచన ఎ.కె. చెట్టియార్ అనే తమిళ రచయితకు 1937 అక్టోబరు 2న, న్యూయార్క్ నుంచి డబ్లిన్ వెళ్లే ఓడలో వచ్చింది. అప్పటికే జరిగిపోయినవాటిని మళ్లీ తీయలేడుగా! ముప్ఫై ఏళ్లలో వందమంది దాకా కెమెరామన్లు తీసిన ముక్కల కోసం దేశదేశాలు తిరిగాడు, దాదాపు లక్ష మైళ్లు. 50,000 అడుగుల ఫిల్ము పోగయింది. అడుగుకు 16 ఫోటోలు, 24 వేగంతో నిమిషానికి 90 అడుగులు. మొత్తం తొమ్మిదింబావు గంటలు! అందులోంచి 12,000 అడుగులు ఏరి 1940లో తమిళంలో విడుదల చేశాడు. ఎంతో ప్రయాసపడి తెచ్చిన పూలలో నాలుగింట మూడు వంతులు పక్కన పెట్టాలంటే ఎంత గుండె నిబ్బరం కావాలో చూడండి. వ్యాసంలో ఒక్క వాక్యం కొట్టేయమంటే మీరు మూతి ముడుస్తారు.

ఇక, ఒక చెట్టు పువ్వు ఇంకో చెట్టుదని చెప్పే దండలూ ఉంటాయి. వ్యాఖ్యానం చంపారన్, 1917 అంటుంది, తెరమీద గాంధీగారు కొల్లాయితో కనిపిస్తాడు. ఆయన కొల్లాయి కట్టింది 1921 సెప్టెంబరు 22న, మదురైలో. 1921 మార్చి 31, ఏప్రిల్ 1న బెజవాడ కాంగ్రెసు సమావేశం జరిగినప్పుడు కూడా ఇంకా కొల్లాయి లేదు. తొలి ఏళ్లలో తీసిన ముక్కలు బాగా తక్కువ కాబట్టి ఖాళీ కనిపించినచోట తర్వాతి బొమ్మ అతికించేస్తారు. బట్టలు చూసి మీరే పట్టుకోవచ్చు. మూకీ ముక్కల్లో వినిపించే జేజేలూ చప్పట్లూ అప్పటివి కావు, తర్వాత కలిపినవే.

పూల పోలిక ఒక్కచోట పనికిరాదు. పూలు వాడిపోతాయి, అంతే. ఆ కాలపు నైట్రేట్ ఫిల్ము అంటుకుందంటే, కాలడానికి కావలసిన ఆక్సిజన్‌ను తనలోంచే తెచ్చుకుంటుంది, నీళ్లలో ముంచినా ఆరదు. 2003 జనవరిలో పుణెలో జాతీయ ఫిల్ము ఆర్కైవువారి నైట్రేట్ రీళ్లు ఎన్నో అలాగే బూడిదయ్యాయి. కాబట్టి ఆ ముక్క మీదాకా వచ్చిందంటేనే సంబరపడాలి, వేగం సంగతి తర్వాత.

మరి తాత అసలు ఎంత జోరుగా నడిచాడు? దండికి 240 మైళ్లు, 24 రోజులు. సగటున రోజుకు పది మైళ్లు. కానీ అడుగు జోరు ఈ లెక్కలో దొరకదు. బొమ్మలోనే వెతకాలి. కంప్యూటర్లో ఆ ముక్క పెట్టి వేగం 0.75కు దించండి, 24 కాస్తా 18 అవుతుంది. మొదట ఆయన్ని చూడకండి. గాలికి ఊగే జెండానీ, దారి పక్క నిలబడి చేతులూపేవాళ్లనీ చూడండి. వాళ్లూ హడావిడిగా ఉంటే తప్పు ఫిల్ముది, ఇంకాస్త దించండి. వాళ్లు మామూలుగా కదులుతున్నారనిపించాక అప్పుడు కర్ర పట్టుకున్న ఆయన్నీ, వెనక వస్తున్నవాళ్ల కాళ్లనూ చూడండి. అందుకోలేక చిన్న పరుగు తీస్తున్నవాళ్లు ఎంతమందో లెక్కపెట్టి బుజ్జితో రాయించండి.

ఇట్లు,
మీ తాతయ్య