ఇంగ్లీషు కథలు చదివించడం: నేను వినే అపోహలు, నాకు తెలిసిన వాస్తవాలు

కోనసీమలో కాలువ గట్టున ఉన్న హైస్కూల్లో ఇంగ్లీషు చెప్తాను. వారానికి రెండుసార్లు, పీరియడ్ చివరి 15 నిమిషాలు పిల్లలు నచ్చిన ఇంగ్లీషు కథల పుస్తకం తీసుకుని ఎవరికి వాళ్లు చదువుకుంటారు. ఆ 15 నిమిషాల గురించి తల్లిదండ్రులూ తోటి టీచర్లూ అడిగేవి ఇవి.

అపోహ: కష్టమైన పుస్తకం చదివితేనే భాష వస్తుంది.

ముద్దముద్దకీ రాయి తగులుతుంటే ఎంత ఆకలి మీద ఉన్నా కంచం ముందు నుంచి లేచిపోతాం. పుస్తకమూ అంతే. ఎవరి సాయమూ లేకుండా కథ బాగా అర్థం కావాలంటే అందులో నూటికి 98 మాటలు ముందే తెలిసి ఉండాలని హు, పాల్ నేషన్ అనే భాషా పరిశోధకులు 2000లో తేల్చారు. అంటే వంద మాటలకి కొత్తవి రెండే. మన ఎనిమిదో తరగతి పాఠంలో ఒక్క పేరా తీసి, పిల్లలకి తెలియని మాటలెన్నో లెక్కపెట్టి చూడండి. పాఠానికైతే టీచరు పక్కనుంటారు కాబట్టి ఎక్కువున్నా నడుస్తుంది. ఒంటరిగా చదువుకునేదాంట్లో నడవదు. అందుకే ఎనిమిదో తరగతి కుర్రాడు రెండో తరగతి బొమ్మల కథ పట్టుకున్నా నేను అడ్డు చెప్పను. పక్కవాళ్లు నవ్వితే మాత్రం ఊరుకోను.

అపోహ: తెలియని ప్రతి మాటకీ డిక్షనరీ తియ్యాలి.

అక్కర్లేదు. బొమ్మ చూసి, ముందువెనకలు చూసి ఊహించుకుంటే చాలు. అదే మాట మూడోసారి ఎదురై ఇంకా అడ్డం పడుతుంటే అప్పుడు నన్ను అడుగుతారు.

అపోహ: రాసినప్పుడు తప్పులు దిద్దకపోతే ఆ తప్పులే అలవాటైపోతాయి.

నేనూ చాలాకాలం ఇదే నమ్మాను. మొదటి ఏడాది, చదివిన ప్రతి పుస్తకం మీదా పది వాక్యాలు రాయమన్నాను. ప్రతి నోట్సూ ఎర్ర కలంతో దిద్దాను. రెండు నెలలు తిరక్కుండానే అందరి నోట్సుల్లోనూ ఒకటే పది వాక్యాలు కనపడ్డాయి. ఒకరు అట్ట వెనకున్న నాలుగు ముక్కలూ ఎక్కించారు, మిగిలినవాళ్లు అది చూసి ఎక్కించారు. పుస్తకం తెరిచినవాళ్లు లేరు. తప్పు రాస్తే ఎర్రగీత పడుతుందని తెలిసినప్పుడు, తప్పు లేని ముక్క ఎక్కడుందా అని వెతుక్కోవడం పిల్లల నేరం కాదు.

ఇప్పుడు తరగతికి ఒకటే లాంగ్ నోట్‌బుక్. చదివినవాళ్లు ఎడమ పేజీలో రెండు మూడు వాక్యాలు రాస్తారు. కుడి పేజీ ఖాళీగా వదిలేస్తారు, అది స్నేహితులు బదులు రాయడానికి. మార్కుల్లేవు. రాసేది నా కోసం కాదు, పక్క బెంచీవాళ్ల కోసం.

బస్సెక్కిన మేక కథ చదివి ఒక ఏడో తరగతి అమ్మాయి ఇలా రాసింది: 'గోట్ నో గెట్ డౌన్. కండక్టర్ షౌటింగ్. ఐ లాఫ్ మచ్.' దిద్దడానికి చెయ్యి ఉరికింది, ఆపుకున్నాను. కుడి పేజీలో నీలం సిరాతో, 'వై డిడ్ ద గోట్ నాట్ గెట్ డౌన్?' అని అడిగాను. మర్నాటికి బదులు వచ్చింది: 'గోట్ డిడ్ నాట్ గెట్ డౌన్ బికాజ్ టికెట్ హేవ్!' నా ప్రశ్నలో ఉన్న 'డిడ్ నాట్'ని తనే ఏరుకుంది. దాని కింద ఇంకొకడు, 'అవర్ గోట్ ఆల్సో సిట్ ఇన్ ఆటో' అని రాశాడు. ఆ వారం ఆ పుస్తకం కోసం నలుగురు వరస కట్టారు.

ఎక్కువమంది చేసే తప్పుంటే దాన్ని వ్యాకరణం పీరియడ్‌లో, ఎవరి పేరూ ఎత్తకుండా, బోర్డు మీద చెప్తాను. ఆ నోట్‌బుక్ మీద మాత్రం ఎర్ర సిరా పడనివ్వను.

అపోహ: ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు లేకపోతే ఎన్ని పుస్తకాలిచ్చినా దండగే.

మన తెలుగువాళ్లు చెరకు తోటల్లో పనికి వెళ్లి స్థిరపడ్డ ఫిజీ దీవుల్లో వార్విక్ ఎల్లీ, ఫ్రాన్సిస్ మంగుభాయ్ అనే పరిశోధకులు ఈ సంగతే పరీక్షించి 1983లో ప్రచురించారు. అక్కడి పల్లె బడుల పిల్లలకీ ఇంగ్లీషు ఇంటి భాష కాదు. నాలుగు, ఐదు తరగతులకి బొమ్మల కథల పుస్తకాలు తరగతికి 250 చొప్పున ఇచ్చారు. మామూలు పద్ధతిలో నేర్చుకున్న పిల్లల కంటే వీళ్లు చదివి అర్థం చేసుకోవడంలో బాగా ముందుకెళ్లారు. రెండో ఏడాదికి ఆ ఫలితం రాయడంలోనూ కనపడింది. పెద్దవాళ్లకి ఇంగ్లీషు రాదని నొచ్చుకునే అమ్మలకి నేను చెప్పేది ఒకటే: రాత్రి అన్నం పెట్టేటప్పుడు కథ తెలుగులో చెప్పించుకోండమ్మా. అర్థమైతేనే చెప్పగలుగుతారు.

అపోహ: పదో తరగతిలో కథలేంటి, బిట్లు చదివించండి.

పరీక్షలో ముందెన్నడూ చూడని పేరా ఇచ్చి ప్రశ్నలడిగితే అక్కడ గైడు సాయం రాదు. చదివే అలవాటున్నవాళ్లు కంగారుపడరు.

అపోహ: పిల్లల చేతికిస్తే పుస్తకాలు మిగలవు.

ఇది నిజంగా బాధ పెట్టే మాట. స్టాకు రిజిస్టర్లో లెక్క తగ్గితే ఎవరు జవాబు చెప్పాలన్న భయంతో చాలాచోట్ల పుస్తకాలు బీరువాలోనే చెదలు పడుతున్నాయి. మన పక్కనున్న కృష్ణా డెల్టాలో 1935లోనే పుస్తకాలు పడవకెక్కించి, కాలువ వెంబడి పెదవడ్లపూడి నుంచి కొల్లూరు దాకా ఊరూరా చదివించారు. మనం తరగతి గదిలోకి ఇవ్వడానికి జంకుతున్నాం. మా గదిలో కిటికీ నుంచి కిటికీకి కొబ్బరి తాడు కట్టి పుస్తకాలు దాని మీద వేలాడేశాం. స్టోరీవీవర్ అనే పిల్లల కథల వెబ్‌సైట్‌లో నాలుగు స్థాయిల కథలు ఉచితంగా దొరుకుతాయి, ప్రింటు తీసుకోవచ్చు. పోయినా మళ్లీ తీసుకుంటాం.

ఆగస్టులో గోదావరి పోటు మీదుంటే లంకల నుంచి వచ్చే పిల్లలు రోజుల తరబడి బడికి రాలేరు. అందుకే నీళ్లు పెరుగుతున్నాయని తెలియగానే తలా రెండు పుస్తకాలు సంచిలో పెట్టి పంపుతాను. మొన్న వరద తీశాక ఆరో తరగతి పిల్లాడొకడు చెమ్మకి ఉబ్బిపోయిన పుస్తకం తెచ్చి, 'తడిసిపోయిందండి' అని తల దించుకుని నిలబడ్డాడు. ఎన్నిసార్లు చదివావురా అంటే, 'నేను ఐదుసార్లండి, చెల్లికి రెండుసార్లు చెప్పానండి' అన్నాడు. ఆ పుస్తకం ఎండలో ఆరబెట్టి మళ్లీ తాడు మీదే వేశాం.