బిజినెస్ అనలిటిక్స్ ప్రొఫెసర్ ఉద్యోగం: బెంగళూరు మనవాళ్లలో ఉన్న అపోహలు, వాస్తవాలు

మార్తహళ్లి, బెల్లందూరు, వైట్‌ఫీల్డ్ వైపు ఉండే మన తెలుగువాళ్లలో చాలామందికి ఏడెనిమిదేళ్లు సాఫ్ట్‌వేర్‌లో చేశాక ఒక ఆలోచన వస్తుంది. "డేటా పని ఎలాగూ చేస్తున్నాం కదా, ఇదే ఎక్కడైనా పాఠంగా చెప్పుకుంటే పోలా?" అని. నేను ఇదే ఊళ్లో ఒక మేనేజ్‌మెంట్ సంస్థలో బిజినెస్ అనలిటిక్స్ (డేటాను వ్యాపార నిర్ణయాలకు వాడుకునే సబ్జెక్టు) చెబుతాను కాబట్టి పెళ్లిళ్లలో, ఉగాది కార్యక్రమాల్లో ఈ ప్రశ్న నా దాకా వస్తూనే ఉంటుంది. అడిగేవాళ్లలో నిజంగా ఈ పనికి తగినవాళ్లు ఉన్నారు. వాళ్లు తప్పుడు అంచనాతో రాకూడదని, తప్పుడు భయంతో ఆగిపోనూ కూడదని ఇది రాస్తున్నాను.

అపోహ: పైథాన్, మెషిన్ లెర్నింగ్ వస్తే ఈ సబ్జెక్టు చెప్పేయొచ్చు.

వాస్తవం: కోడ్ రాయడం కోర్సులో చిన్న భాగం. ఇప్పుడు ఛాట్‌జీపీటీ వచ్చాక అది ఇంకా చిన్నదైపోయింది. క్లాసులో ఏం జరుగుతుందో ఒక ఉదాహరణ చెబుతాను.

బ్యాంకు రుణాల డేటా ఇచ్చి, ఎవరు ఎగ్గొడతారో ముందే పసిగట్టే మోడల్ కట్టమంటాం. 100 మందిలో నలుగురే ఎగ్గొట్టారనుకోండి. "అందరూ కడతారు" అని కళ్లు మూసుకుని చెప్పినా 96 శాతం కరెక్టే. ఆ 96 చూసి సంబరపడే పిల్లలకు, బ్యాంకుకు కావలసింది ఆ నలుగురి పేర్లేనని అర్థమయ్యేలా చెప్పాలి. అది మొదటి మెట్టు.

ఒక బ్యాచ్‌లో ఒక టీమ్ 99 శాతం చూపించింది. క్లాసంతా చప్పట్లు. నేను కాలమ్‌ల జాబితా తెరవమన్నాను. అందులో "రికవరీ కాల్స్ సంఖ్య" అని ఒకటి ఉంది. రికవరీ వాళ్లు ఫోన్ చేసేది వాయిదా తప్పాకే కదా! అప్పు మంజూరు చేసే రోజున ఆ అంకె బ్యాంకు దగ్గర ఉండే ప్రసక్తే లేదు. ఆ కాలమ్ తీసేసి అక్కడికక్కడే మోడల్ మళ్లీ నడిపారు. 99 కాస్తా "అందరూ కడతారు" అన్న లెక్క దగ్గరకు దిగింది. మిగిలిన సమయమంతా ఒక్క ప్రశ్న మీదే గడిచింది: ఈ సమాచారం మనకు ఏ రోజున తెలుస్తుంది? ఈ ప్రశ్న ఏ కోడ్ లైబ్రరీలోనూ రెడీమేడ్ ఫంక్షన్‌గా దొరకదు. దాన్ని విద్యార్థికి అలవాటు చేయడమే మా ఉద్యోగంలో సగం. మిగతా సగం, అలాంటి ప్రశ్నలు మనమే కొత్తగా వేసుకుని జవాబు వెతకడం.

అపోహ: వారానికి ఆరు గంటల క్లాసు, మిగతాదంతా ఖాళీ.

వాస్తవం: యూజీసీ 2018 నిబంధనల ప్రకారమే అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి 16 గంటల బోధన. ఐఐఎంల లాంటి చోట క్లాసులు తక్కువ, ఏడాదికి మూడు నాలుగు కోర్సులు ఉంటాయి. మరి మిగతా సమయం దేనికి? పరిశోధనకు. బయటివాళ్లకు కనిపించనిది అదే. అందుకే దాని గురించి కాస్త వివరంగా చెప్పాలి.

అపోహ: ఏడాదికి నాలుగు పరిశోధన పేపర్లు వేస్తే చకచకా ప్రొఫెసర్ అయిపోవచ్చు.

వాస్తవం: ఈ మాట చెప్పి కుర్రవాళ్లను పక్కదారి పట్టించేవాళ్లంటే నాకు కోపం. పేరున్న సంస్థలు ఎన్ని పేపర్లు అని కాదు, ఎక్కడ వేశారని చూస్తాయి. ఆస్ట్రేలియా బిజినెస్ డీన్స్ కౌన్సిల్ వాళ్ల జర్నళ్ల (పరిశోధన పత్రికల) జాబితాలో ఎ-స్టార్, ఎ, బి, సి అని నాలుగు తరగతులున్నాయి. ఫైనాన్షియల్ టైమ్స్ 50 జర్నళ్ల జాబితా ఒకటి, టెక్సస్ యూనివర్సిటీ డల్లాస్ వాళ్ల 24 జర్నళ్ల జాబితా ఇంకొకటి. 1954 నుంచి వస్తున్న "మేనేజ్‌మెంట్ సైన్స్" లాంటి పత్రికలు అన్నిటికన్నా పైన ఉంటాయి. అక్కడ ఒక పేపర్ రావాలంటే ఆలోచన దగ్గర్నుంచి అచ్చు దాకా మూడు నాలుగేళ్లు పట్టడం మామూలే.

ఎందుకంత కాలం? ముందు డేటా దొరకాలి. కంపెనీతో గోప్యతా ఒప్పందం, వాళ్ల లీగల్ వాళ్ల పరిశీలన, కస్టమర్ల పేర్లు, నంబర్లు తీసేయించడం, ఇవన్నీ అయ్యేసరికే నెలలు గడుస్తాయి. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో చట్టం వచ్చాక కంపెనీలు ఇంకా జాగ్రత్తపడుతున్నాయి, పడాలి కూడా. ఈలోగా మనకు డేటా ఇస్తామన్న మేనేజర్ ఉద్యోగం మారిపోతే కథ మళ్లీ మొదటికి. తర్వాత పేపర్ రాసి పంపితే, పేరు తెలియని సమీక్షకులు ఇద్దరో ముగ్గురో దాన్ని చీల్చి చెండాడుతారు. మొదటి జవాబు రావడానికే నెలలు. "భారీ మార్పులు కావాలి" అని వస్తే పండగ, ఎందుకంటే తిరస్కరించలేదన్నమాట! వాళ్ల ఒక్కో అభ్యంతరాన్నీ యథాతథంగా రాసి, కింద మన సమాధానం, పేపర్‌లో ఎక్కడ మార్చామో పేజీ నంబరుతో సహా ఇవ్వాలి. ఆ జవాబు పత్రం ఒక్కోసారి పేపర్ కన్నా పొడుగవుతుంది. ఈ ఓపిక ఉన్నవాళ్లకే ఈ వృత్తి నచ్చుతుంది.

డబ్బు కడితే వారంలో అచ్చేసే పత్రికల మెయిళ్లు మీకూ వస్తాయి. వాటి జోలికి పోకండి. బయోడేటాలో అలాంటివి రెండు కనిపించినా ఎంపిక కమిటీకి మిగతావాటి మీదా అనుమానం వస్తుంది.

అపోహ: ఇండస్ట్రీ అనుభవం దండిగా ఉంటే పీహెచ్‌డీ అక్కర్లేదు.

వాస్తవం: రెగ్యులర్ పోస్టుకు మంచి మేనేజ్‌మెంట్ సంస్థల్లో పీహెచ్‌డీ తప్పనిసరి. యూజీసీ 2022లో "ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్" అనే దారి తెరిచింది. దానికి కనీసం 15 ఏళ్ల అనుభవం కావాలి, పదవీకాలం మామూలుగా మూడేళ్లు దాటదు. సీనియర్లకు అది మంచి అవకాశమే, కానీ ముప్పయ్యో ఏట దాన్ని నమ్ముకుని కూర్చోలేం. "అనలిటిక్స్" పేరుతోనే పీహెచ్‌డీ ఉండాలని మాత్రం లేదు. మాలో ఎక్కువమంది డెసిషన్ సైన్సెస్, ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్, ఆపరేషన్స్, మార్కెటింగ్ విభాగాల నుంచి వచ్చినవాళ్లే. పాత ఐఐఎం ప్రొఫెసర్ల పేరు పక్కన పీహెచ్‌డీకి బదులు "ఫెలో" అని కనిపిస్తే చిన్నచూపు చూడకండి. ఐఐఎం చట్టం 2018 జనవరిలో అమల్లోకి వచ్చేదాకా ఆ సంస్థలకు డిగ్రీ ఇచ్చే అధికారమే లేదు, అందుకే పీహెచ్‌డీ స్థాయి చదువుకు "ఫెలో" అనే ఇచ్చేవి.

అపోహ: జీతం బెంగళూరు అద్దెలకే చాలదు.

వాస్తవం: ఏడో పే కమిషన్ ప్రకారం ఐఐటీలు, ఐఐఎంలలో అసిస్టెంట్ ప్రొఫెసర్ గ్రేడ్-1కు మూల వేతనం రూ.1,01,500 నుంచి మొదలు. అలవెన్సులు అదనం. యూజీసీ స్కేలులో అసిస్టెంట్ ప్రొఫెసర్ ప్రవేశ వేతనం రూ.57,700. ప్రైవేటులో ఒక్కో కాలేజీది ఒక్కో లెక్క, చేరేముందే కాగితం మీద రాయించుకోండి. పెద్ద ప్రోడక్ట్ కంపెనీ ప్యాకేజీతో పోటీ పడాలనుకుంటే కష్టం. ఇంటి ఈఎంఐ నడుస్తున్నవాళ్లు పీహెచ్‌డీ ఏళ్ల స్టైపెండ్ గురించి ఇంట్లో ముందే కూర్చుని మాట్లాడుకోవాలి.

అపోహ: పాఠాలు చెప్పడం పరిశోధనకు అడ్డు.

వాస్తవం: దీనికి నేనెప్పుడూ సి.ఆర్.రావు గారినే చెబుతాను. ఇప్పటి కర్ణాటకలోని హడగలిలో తెలుగింట పుట్టి, ఆంధ్రా యూనివర్సిటీలో గణితం ఎంఏ చేసినాయన. కలకత్తాలో కుర్ర అధ్యాపకుడిగా పాఠం చెబుతుంటే, శాంపిల్ చాలా పెద్దదైతే వర్తించే ఒక ఫలితం దగ్గర ఒక విద్యార్థి లేచి, చిన్న శాంపిల్‌కు కూడా ఇలాంటిది నిరూపించలేమా అని అడిగాడు. ఆ విద్యార్థి తర్వాత పెద్ద ఆర్థికవేత్త అయిన వి.ఎం.దండేకర్. రావు గారు ఆ రాత్రి కూర్చుని నిరూపణ కట్టారు. 1945లో అచ్చయిన ఆ పేపర్‌లోనిదే ఈరోజు ప్రపంచమంతా చదువుకునే క్రామర్-రావు బౌండ్, అంటే డేటా నుంచి వేసే అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో చెప్పే హద్దు. 2023లో, 102 ఏళ్ల వయసులో ఆయనకు అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి ఇచ్చినప్పుడు ఎత్తి చూపిన కృషిలో ఆ పేపరే ముఖ్యం. క్లాసులో అడిగిన ప్రశ్నను పక్కకు తోసేసి ఉంటే?

అపోహ: ముప్పై అయిదు దాటితే ఆలస్యమైపోయినట్టే.

వాస్తవం: కాదు. సప్లై చైన్‌లోనో, క్రెడిట్ రిస్క్‌లోనో పదేళ్లు చేసినవాళ్లు ప్రశ్నను బాగా పట్టుకుంటారు. పీహెచ్‌డీలో చేరడానికి క్యాట్ ఒక్కటే కాదు, జీఆర్‌ఈ, జీమ్యాట్, గేట్ స్కోర్లు తీసుకునే సంస్థలూ ఉన్నాయి. బెంగళూరులోనే బన్నేరుఘట్ట రోడ్డులో ఐఐఎం, ఐఐఎస్సీలో మేనేజ్‌మెంట్ స్టడీస్ విభాగం ఉన్నాయి. దరఖాస్తు పెట్టేముందు, మీరు పనిచేయాలనుకునే ప్రొఫెసర్ ఈమధ్య రాసిన పేపర్ ఒకటి మొదటి నుంచి చివరిదాకా చదవండి. చదివాక మీకు ఒక సందేహం వస్తే, అదే ఆ ప్రొఫెసర్‌కు మెయిల్ రాయండి. ఉద్యోగం వివరాలు, ప్యాకేజీ వివరాలు ఆ మెయిల్‌లో అక్కర్లేదు.