కష్టాలు ఏకరువు పెడితే స్పాన్సర్‌షిప్ వస్తుందా?

పన్నెండో తరగతి రిజల్ట్స్ వచ్చాయంటే మహారాష్ట్రలో, తెలంగాణ సరిహద్దున ఉన్న సిరోంచలో మా ఇంటికి పిల్లల రాక మొదలవుతుంది. ఒకప్పుడు పిల్లల చదువుకు డబ్బిచ్చే ఓ ట్రస్టుకు దరఖాస్తులు చదివిపెట్టేదాన్ని, ఇప్పుడు పిల్లల పక్కన కూర్చుని రాయిస్తున్నాను. అప్పుడూ ఇప్పుడూ దరఖాస్తులో తమ గురించి రాసే స్టేట్‌మెంట్‌లో మొదటి లైను మారలేదు: "మాది నిరుపేద కుటుంబం."

అపోహ: కష్టాలు ఎంత ఎక్కువ రాస్తే అంత జాలిపడి డబ్బిస్తారు.

వాస్తవం: మీ పేదరికం సంగతి తహసీల్ నుంచి తెచ్చిన ఆదాయ దాఖలా ముందే చెప్పేసింది. చదివేవాళ్ల టేబుల్ మీద ఉన్న ఫైళ్లన్నీ లేనివాళ్లవే. వాళ్లలో మిమ్మల్నే ఎందుకు ఎంచుకోవాలో చెప్పాల్సిన పేజీ నాన్న అప్పులతోనే నిండిపోతే, ఇక మీరెక్కడ? కష్టాన్ని దాచమనడం లేదు. రెండు వాక్యాల్లో చెప్పి, అందులో ఉంటూ మీరేం చేశారో రాయండి.

అంకీసా వైపు నుంచి ఒకమ్మాయి వచ్చింది, బీఎస్సీ నర్సింగ్ కోసం. మేడిగడ్డ బ్యారేజీ బ్యాక్‌వాటర్‌లో మునిగిన చేను, అమ్మ జబ్బు, మిర్చి ఏరడానికి తెలంగాణకు పోయే ఇంటివాళ్లు... చదువుతుంటే నాకే కళ్లు చెమర్చాయి. కానీ నర్సింగ్ అన్న మాట ఆఖరి లైన్లో ఉంది. మాటల్లో పెడితే అసలు సంగతి బయటపడింది. ఊళ్లో ముసలమ్మలకు మరాఠీ రాదు, దవాఖానకు ఈ పిల్లనే వెంటబెట్టుకుపోతారు. నర్సు చెప్పింది వాళ్లకు తెలుగులో చెప్పి, ఏ గోలీ ఎప్పుడో గుర్తుండేలా చీటీ మీద సూర్యుణ్ణి, చంద్రుణ్ణి గీసి ఇస్తుంది.

"ఇది కూడా రాస్తారా మేడమ్?" అంది.

ఇదే రాయాలమ్మా! దీంతోనే మొదలుపెట్టించాను. చేను సంగతి ఒక్క వాక్యానికి దిగింది. చివర్లో లెక్క వేయించాను: ఫీజు ఎంత, మహాడీబీటీ (మహారాష్ట్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ పోర్టల్) నుంచి ఎంత రావచ్చు, హాస్టల్‌కు, మెస్‌కు ఇంకా ఎంత కావాలి. ఊరికే "ఆర్థిక సాయం చేయగలరు" అంటే ఇచ్చేవాళ్లు ఎంతని ఇస్తారు?

మిగతా అపోహలు చిన్నవే. మహాడీబీటీకి వ్యాసం అక్కర్లేదు, అక్కడ చూసేది అర్హత, కాగితాలు. ఇంగ్లిష్ రాదని టెన్షన్ పడకండి, ముందు తెలుగులోనో మరాఠీలోనో రాసుకోండి. యూట్యూబ్ నమూనా దించినా, ఏఐతో రాయించినా, డబ్బు తీసుకుని ఎవరో రాసిపెట్టినా ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు. ఏం రాయాలో తోచకపోతే బ్రిటన్ యూనివర్సిటీల అడ్మిషన్లు చూసే యూకాస్ పద్ధతి పనికొస్తుంది. 2026 ప్రవేశాల నుంచి వాళ్లు పొడుగు వ్యాసం మాని మూడు ప్రశ్నలు అడుగుతున్నారు: ఈ కోర్సే ఎందుకు, చదువు మిమ్మల్ని దానికి ఎలా సిద్ధం చేసింది, చదువు బయట ఇంకేం చేశారు.

ఇక చదువు మధ్యలో గ్యాప్ ఉంటే ఫారం చించేస్తారన్న పుకారు. నోటిఫికేషన్‌లో గ్యాప్ కుదరదని ఉంటే తప్ప భయం లేదు. ఆ ఏడాది పత్తి చేలో పనిచేశారా, కిరాణా కొట్లో కూర్చున్నారా, అదే రాయండి. దాచాలని చూసినా మార్క్‌షీట్ మీద సంవత్సరం ఉండనే ఉంటుంది.