తలా యాభై డాలర్ల సీజన్

మా మేనల్లుడికి ఈ బౌలింగ్ పిచ్చి (క్రికెట్‌ది కాదు, బంతి దొర్లించి పది పిన్నుల్ని పడగొట్టే ఆట) బందరు రోడ్డులో ఓ మాల్ పై అంతస్తులో అంటుకుంది. అద్దె బూట్లు తొడుక్కుని, మూడు బొక్కల బంతిలో వేళ్లు దూర్చి రెండు స్ట్రైకులు కొట్టాడు, అంటే ఒక్క బంతికే పది పిన్నులూ పడేశాడు, అంతే. అప్పట్నుంచి ఆదివారం రాత్రి పదకొండు దాటాక పటమటలో మా డాబా మీద ఫోన్ పెట్టుకుని అమెరికా ప్రొఫెషనల్ బౌలింగ్ చూస్తుంటాడు. మొన్న మేలో మొహం వేలాడేసుకుని వచ్చాడు. "మావయ్యా, సీజన్ అయిపోయిందంట. జనవరిలో మొదలెట్టి అప్పుడే చాప చుట్టేశారు. గుంటూరు మిర్చి యార్డు కూడా ఇంతకంటే ఎక్కువ రోజులు నడుస్తుందిగా! మిగతా ఏడాదంతా వీళ్లేం తింటారు?"

అడిగింది వెటకారంగానే అయినా, దానికి జవాబు కావాలంటే 1958 దాకా వెళ్లాలి.

ఆ ఏడాది ఒహాయో రాష్ట్రంలోని అక్రన్‌లో ఎడ్డీ ఇలయస్ అనే లాయరు కొందరు పేరున్న ఆటగాళ్లను కూర్చోబెట్టి, మీకంటూ ఓ సంఘం ఉండాలని నచ్చజెప్పాడు. 33 మంది తలా 50 డాలర్లు వేసుకున్నారు, మనం చీటీ కట్టుకున్నట్టు. పీబీఏ, అంటే ప్రొఫెషనల్ బౌలర్స్ అసోసియేషన్, అలా పుట్టింది. 1959లో మొదటి సీజన్ అంటే మొత్తం మూడే టోర్నమెంట్లు. ఆల్బనీలో జరిగిన మొదటిది లూ కాంపి గెలిచాడు. కుడిచేత్తో వేసేవాళ్లు బంతి వదిలేటప్పుడు ఎడమకాలి మీద ఆగుతారు. ఈయన కుడికాలి మీద ఆగేవాడు, అందుకే 'తప్పుకాలి లూయీ' అని పిలిచేవారు. మొదటి టైటిలే పద్ధతి తప్పి ఆడే మనిషికి వెళ్లిందన్నమాట.

ఈ ఆట ఆ కాలంలోనే ఎందుకు ఊపందుకుందంటే, కారణం ఒక యంత్రం. అంతకుముందు లేన్ (బంతి దొర్లే దారి) చివర కుర్రాళ్లు కూర్చుని, పడ్డ పది పిన్నుల్నీ చేత్తో నిలబెట్టి బంతిని వెనక్కి దొర్లించేవారు. 1950ల్లో ఆ పని యంత్రం చేతికొచ్చింది. కుర్రాళ్ల కోసం వెతుక్కోనక్కర్లేదు, అర్ధరాత్రి దాకా తలుపులు తెరిచే ఉంచొచ్చు. ఊరి శివార్లలో కూడా బౌలింగ్ హాళ్లు వరసగా లేచాయి.

ఆపైన టీవీ. 1962 నుంచి ఏబీసీ చానెల్ శనివారం మధ్యాహ్నాలు ఈ ఆటకిచ్చింది. ఇప్పటికీ మావాడు చూసే ఫైనల్ పద్ధతి టీవీ కోసం కుదుర్చుకున్నదే. రోజుల తరబడి వడపోశాక అయిదుగురు మిగులుతారు. అయిదోవాడు నాలుగోవాడితో, గెలిచినవాడు మూడోవాడితో, అలా మెట్టు మెట్టుగా పైకి. అగ్రస్థానంలో ఉన్నవాడికి ఒక్కటే ఆట. వారమంతా అందర్నీ చితక్కొట్టి, ఆ ఒక్క ఆటలో ఓడిపోతే అంతే సంగతులు. నన్నడిగితే అన్యాయమే. కానీ నాలుగు ఆటల్లో కథ ముగుస్తుంది, చూసేవాడు లేవడు.

డబ్బు కూడా వచ్చింది. 1964లో డాన్ కార్టర్ బంతుల కంపెనీ ఎబొనైట్‌తో పది లక్షల డాలర్ల ప్రచార ఒప్పందం చేసుకున్నాడు. ఏ ఆటలోనైనా అంత పెద్ద ఒప్పందం అదే మొదటిది. ఎడమచేతి వాటం ఎర్ల్ ఆంథొనీ 1975లో ఒకే సీజన్‌లో లక్ష డాలర్ల బహుమతి దాటిన మొదటి బౌలరయ్యాడు.

మాల్‌లో మావాడు, టీవీలో ఆంథొనీ ఆడేది ఒకే ఆట కాదు, ఆ సంగతి వాడికి చాన్నాళ్లు తెలీదు. తేడా నూనెలో ఉంది. బంతి వదిలేటప్పుడు దాటకూడని గీత, ఫౌల్ లైన్, నుంచి మొదటి పిన్ను దాకా 60 అడుగుల లేన్. దాని మీద కంటికి కనబడకుండా నూనె పూస్తారు. టోర్నమెంటును బట్టి 35 అడుగుల దాకా పూస్తారు, ఒక్కోసారి 40 దాటిస్తారు. నూనె ఉన్నంతమేర బంతి జారుతుంది, అది అయిపోయిన చోట పట్టు దొరికి పక్కకు తిరుగుతుంది. క్యారమ్స్ బోర్డు మీద పౌడరు ఎక్కడ పల్చబడిందో చేతికి తెలిసినట్టు, వీళ్లకి నూనె ఎక్కడ అరిగిందో తెలియాలి. వెనక్కొచ్చిన బంతిని తువ్వాలుతో తుడిచే ముందు ఒక్క క్షణం తేరిపార చూస్తారు. బంతి మీద నూనె గీతలు విసనకర్రలా పడి ఉంటాయి, అవే లెక్క.

1997లో ఏబీసీ ప్రసారం ఆపేసింది. చూసేవాళ్లకు వయసు మళ్లిందని ప్రకటనలవాళ్ల గోల. హాళ్లలో వారం వారం లీగులాడే జనమూ పల్చబడ్డారు. 2000లో మైక్రోసాఫ్ట్‌లో పనిచేసి బయటికొచ్చిన ముగ్గురు సంఘాన్నే కొనేశారు. సీజన్‌ను జనవరి నుంచి కాక చలికాలం ముందు నుంచి లెక్కపెట్టడం మొదలెట్టారు. 2009లో ఊరూరా తిరిగే ఖర్చు తగ్గించడానికి డెట్రాయిట్ పక్కన ఒకే హాల్లో పలు టోర్నమెంట్లు వరసగా ఆడించారు. సీజన్ కుంచించుకుపోవడం అక్కడే కళ్లకు కట్టింది. తర్వాత మళ్లీ జనవరి లెక్కకే వచ్చారు. 2019లో ప్రసారం ఫాక్స్‌కు మారింది, అదే ఏడాది వందల బౌలింగ్ హాళ్లున్న బౌలెరో కంపెనీ పీబీఏని కొంది. అదే కంపెనీ ఇప్పుడు లక్కీ స్ట్రైక్ ఎంటర్‌టైన్‌మెంట్ పేరుతో ఉంది. ఆటగాళ్ల చీటీ హాళ్ల యజమాని పద్దులో కలిసింది. పోటీలకు లేన్లు వెతుక్కోనక్కర్లేదు, నిజమే. హాలూ ఆయనదే, టోర్నమెంటూ ఆయనదే అయితే ఆటగాడు దేని మీద బేరమాడతాడన్నది నా అనుమానం.

ఇక వాడి ప్రశ్న. పైన నలుగురైదుగురికి పర్వాలేదు. రెండు చేతుల్తో బంతి వేసి 15 మేజర్లు (టూర్‌లో అన్నిటికంటే పెద్ద టోర్నమెంట్లు) గెలిచిన ఆస్ట్రేలియా మనిషి జేసన్ బెల్‌మాంటే లాంటివాళ్లన్నమాట. మిగతావాళ్లు కోచింగిస్తారు, బంతులకు బొక్కలేస్తారు, ఇంకో ఉద్యోగం చేస్తారు. 2010లో క్రిస్ బార్న్స్‌ను 265-195తో ఓడించి, మగవాళ్లతో కలిసి ఆడే టూర్‌లో టైటిల్ గెలిచిన తొలి మహిళ కెల్లీ కూలిక్ అప్పటికి తండ్రి కార్ల బాడీ షెడ్డులో పనిచేసేది. ఇది చెప్పగానే మావాడు, "అంటే మన ఆటోనగర్ బాపతే" అన్నాడు.

1958 నాటి సభ్యుల్లో కార్మెన్ సాల్వినో ఒకడు. 1965లో టైర్ల కంపెనీ ఫైర్‌స్టోన్ వాళ్ల పేరుతో టోర్నమెంట్ ఆఫ్ చాంపియన్స్ జరిగింది అక్రన్ పక్కనున్న రివియెరా లేన్స్‌లో. 2022లో అదే హాల్లో, అదే టోర్నమెంటులో, 88 ఏళ్ల వయసులో సాల్వినో చివరిసారి బరిలో దిగాడు.